సోంగ్యే బొమ్మ నడుం మూట

మా తెలుగు సంఘం పత్రికవాళ్ళు నన్నొక వ్యాసం అడిగారు. 'మీ ఉద్యోగ జీవితంలో పిల్లలకు ఆదర్శంగా ఉండే సంఘటన ఒకటి రాయండి ఆంటీ' అన్నారు. ఏ సంఘటనో కూడా వాళ్ళే చెప్పారు. మ్యూజియంలో నేను చేసిన తప్పు నేనే ఒప్పుకుని, ఇంకొకరి మీద పడిన నిందని తుడిచేసిన సంగతి. దాన్ని మా చర్చిలో రెండుసార్లు సాక్ష్యంగా చెప్పాను. పాస్టరుగారు ప్రసంగాల్లో ఎన్నిసార్లు వాడుకున్నారో నాకే తెలియదు. మెల్‌బోర్న్‌లో నేను ఎప్పుడూ అడుగుపెట్టని పేటల్లో కూడా నా నిజాయితీ తిరిగి వచ్చింది. సరే, రాస్తాను. కాకపోతే ఈసారి మొత్తం రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. మాది చీరాల దిగువన సముద్రం ఒడ్డు. వలలు అల్లడం, చిరిగినవి బాగుచేయడం మా ఇంటి ఆడవాళ్ళ పని. తెలుగు అక్షరాలు నాకు ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి, మా ఆయన పోయాక, చర్చివాళ్ళు పెద్దవాళ్ళ కోసం పెట్టిన తరగతిలో. ఇంగ్లీషు అక్షరాలు నలభై మూడో ఏట, ఈ దేశం వచ్చాక. రెండు భాషల్లోనూ ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. వాక్యాలు మొరటుగా ఉంటే సర్దుకోండి. మీరంతా యూనివర్సిటీలకి వెళ్ళినవాళ్ళు, అక్కడ అదొకటైనా నేర్పి ఉంటారు.

నన్ను పిలిపించుకున్నది మా తమ్ముడు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. మీరు ఇప్పుడు నాలుగు బెడ్‌రూముల ఇళ్ళు కట్టుకుని, గరాజు చిన్నదైందని బాధపడే క్లైడ్ నార్త్‌లో అప్పుడు గొర్రెలు మేసేవి. మా తమ్ముడిది మూడు గదుల ఇల్లు. వాళ్ళు నలుగురు. నాకు వాషింగ్ మెషిన్ పక్కన ఒక మంచం వేశారు. మా మరదలు మంచి మనిషి. మెషిన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే నిట్టూర్చేది, ఆ చప్పుడులో నాకు వినపడదని. నాకు సముద్రం హోరులో మాట వినడం చిన్నప్పటినుంచీ అలవాటు.

ఎనభైల చివర్లో నగరంలో ఒక మ్యూజియంలో శుభ్రం చేసే పనిలో చేరాను. పొద్దున్న ఆరింటికల్లా వెళ్ళి తుడవడం, చెత్తబుట్టలు ఖాళీ చేయడం. పర్మనెంటు కాదు. ఫోన్ చేస్తే రావాలి, చెయ్యకపోతే మానుకోవాలి.

ఒకరోజు కింద స్టోరులో పెద్ద బల్ల మీద ఒక ఒళ్ళంతా కప్పే తొడుగు పరిచి ఉంది. నారతో అల్లింది, నల్లగా, మెడ నుంచి మడమ దాకా ఒకే వల. చేతులు, కాళ్ళు అన్నీ అందులోనే. దాని చుట్టూ ముగ్గురు చదువుకున్నవాళ్ళు నిలబడి, ఈ ముడి ఏ ముడి అని అరగంట నుంచి మాట్లాడుకుంటున్నారు. ఒకామె చేతిలో భూతద్దం. నేను బుట్ట తీసుకోవడానికి వెళ్ళి, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో, అది మా వల ముడేనని, ఎడమ చేత్తో వేశారని, అల్లినవాడు మధ్యలో మారాడని చెప్పాను. వాళ్ళు నా వైపు తుడుపుకర్ర మాట్లాడినట్టు చూశారు.

ఆ ముగ్గురిలో పెద్దాయన క్యూరేటర్. ఆఫ్రికా సామానుకంతటికీ అధికారి. ఆఫ్రికా మీద పెద్ద డిగ్రీ ఉంది. ఆఫ్రికా మాత్రం చూడలేదు, అక్కడి ఎండ ఆయనకు పడదట. తెల్లారేసరికి నాకు సగం రోజు తుడుపుపని, సగం రోజు వల బాగుచేసే పని అయింది. చదువుకున్న మనిషిని పిలిస్తే ఏడాది పడుతుంది, నాకైతే ఒక దారపు ఉండ చాలు అనుకున్నారు.

ఆ తొడుగు సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. అప్పట్లో జైర్ అనేవాళ్ళు, ఇప్పటి కాంగో. అక్కడ సోంగ్యే అనే జనం ఉన్నారు. వాళ్ళ ముసుగు నాట్యంలో ఆడేవాడు ఈ వల తొడుక్కుని, ముఖానికి చెక్కిన కొయ్య ముసుగు పెట్టుకుంటాడు. ముసుగు కింద నారతో చేసిన పొడుగాటి గడ్డం. ముసుగు నిండా గీతలు, నాగలి చాళ్ళలా పక్కపక్కనే. ఎరుపు, నలుపు, తెలుపు కలిసి, నెత్తి మీద కోడిజుట్టులాంటి ఎత్తు ఉంటే అది మగ ముసుగు. ఊళ్ళో కట్టు తప్పినవాళ్ళని తరిమి భయపెట్టే రకం. ఎత్తు ఎంతుంటే శక్తి అంత. అంతా తెల్లగా, నెత్తి చదునుగా ఉంటే ఆడ ముసుగు. చంద్రుడు, మంచి, నెమ్మది దాని గుణాలు. మగ ముసుగు పరుగులు పెట్టి అందర్నీ హడలగొడుతుంటే ఆడ ముసుగు నింపాదిగా అడుగులేస్తుందట. ఇది నేను విన్నప్పుడు, ఇందులో ముసుగు ఎక్కడుంది, మా ఊరూ అంతే కదా అనుకున్నాను.

వల కన్ను ఎందుకంత చిన్నదో క్యూరేటర్ గారు రాసిన కాగితంలో పన్నెండు వరుసలుంది. నాకు అమ్మాయి చదివి వినిపించింది, రెండో వరుసలోనే నిద్రొచ్చింది. సంగతి ఏమిటంటే, ఆడేవాడి ఒంటి చర్మం ఎక్కడా కనపడకూడదు. కనపడితే వాడు ఫలానా వాడి కొడుకైపోతాడు, ఇక ఎవరు భయపడతారు? ఆ కన్నుల్లోంచి చేపపిల్ల కూడా జారదు. అల్లినవాడెవడో పనివాడు.

అమ్మాయి అన్నాను కదా. ఆ అమ్మాయి మన తెలుగు పిల్లే. హైదరాబాదు డాక్టర్ల కూతురు, ఇక్కడే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. నా దగ్గర కష్టపడి తెలుగు మాట్లాడేది. మ్యూజియంలో ఏడాది పాటు పని నేర్చుకోవడానికి చేరింది. పాత వస్తువులు పాడవకుండా కాపాడే చదువు కాన్‌బెర్రాలో ఉంది, దానికి వెళ్ళాలని ఆశ. తండ్రి గుండె డాక్టరు. కూతురు పాత చెక్కలు తుడిచే చదువు చదువుతానంటే ఆయన గుండెకే ఏదో అయినంత పనైంది. చివరికి బేరం కుదిరింది. ఒక్క ఏడాది. కాన్‌బెర్రాలో సీటు వస్తే సరే, రాకపోతే నోరు మూసుకుని ఫార్మసీ. ఫార్మసీ సీటు ఆయన అప్పటికే అట్టేపెట్టించాడు.

"డాడీ అసలు వినట్లే ఆంటీ," అనేది. "వన్ ఇయర్ అంటే వన్ ఇయరే. ఆయన క్యాలెండర్ మీద రౌండ్ చుట్టిండు."

సీటుకి కావలసింది క్యూరేటర్ సంతకం పెట్టిన సిఫారసు ఉత్తరం. అది ఫలానా బుధవారం సాయంత్రం ఐదింటిలోపు ఫ్యాక్సులో కాన్‌బెర్రా చేరాలి. ఆ బుధవారం ఏదో మా స్టోరులో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు, రోజూ చెప్పేది కాబట్టి.

నాకూ ఒక ఉత్తరం రావలసి ఉంది. తొడుగు బాగుచేసిన పద్ధతి చూసి, నన్ను బట్టల విభాగంలో సహాయకురాలిగా పర్మనెంటు చేస్తామన్నారు. కాగితం పైకి వెళ్ళింది. అదే వారం శుక్రవారం చేతికిస్తామన్నారు. ఆ కాగితం ఉంటే యూనిట్ ఒకటి, అంటే చిన్న వాటా, నా పేరు మీద అద్దెకిస్తారు. మెషిన్ లేని గోడ పక్కన పడుకోవచ్చు. మా యూనియన్ ఆయన, మీసాలున్న గ్రీకు మనిషి, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: కాగితం చేతికి రాకముందు నువ్వు ఒక కప్పు పగలగొట్టినా రేపు ఫోన్ రాదు, వచ్చాక మ్యూజియం గోడ కూలగొట్టినా మూడు హెచ్చరికలు ఇవ్వాలి. ఈ దేశంలో నాకు బాగా అర్థమైన మొదటి చట్టం అది.

ఇక బొమ్మ సంగతి. ప్రదర్శనలో ముసుగులతో పాటు ఒక కొయ్యబొమ్మ కూడా ఉంది. ఆరేడేళ్ళ పిల్లవాడంత ఎత్తు. ఉబ్బిన పొట్ట, దాని మీద రెండు చేతులు. ముఖం మీద ఇత్తడి రేకులు కొట్టారు. నడినెత్తిన జంతువు కొమ్ము ఒకటి దిగేసి ఉంది. ఒళ్ళంతా నూనె పట్టి నిగనిగలాడుతోంది, ఎన్ని ఏళ్ళ నూనో. నడుం చుట్టూ అదే నార వలతో చేసిన లంగాలాంటిది. దాన్ని ముట్టాలంటే తెల్ల గ్లౌజులు తొడుక్కోవాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి, సంతకం పెట్టినవాళ్ళు దాన్ని వదిలి కదలకూడదు. అది రూలు.

ప్రదర్శనకి ఇంకా ఎనిమిది రోజులుందనగా ఒక శుక్రవారం మధ్యాహ్నం క్యూరేటర్ వచ్చి, ఎలాగూ చెయ్యి తిరిగింది కాబట్టి ఆ నడుం వల కూడా ఒక చూపు చూడమన్నాడు. అమ్మాయి సంతకం పెట్టి బొమ్మని బయటికి తీసింది. ఇద్దరం కూర్చున్నాం. ఇంతలో పైనుంచి ఫోన్, తండ్రి లైన్లో ఉన్నాడని. "రెండు నిమిషాలు ఆంటీ, ప్లీజ్," అని వెళ్ళింది. ఆ తండ్రి రెండు నిమిషాల్లో ఏదీ ముగించే రకం కాదు. ఇరవై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు మీకో సంగతి. చిరిగిన వలని బాగుచేసే ముందు మేము దాన్ని శుభ్రం చేస్తాం. నాచు, గుల్ల, చచ్చిన పీత, ముడుల్లో ఇరుక్కున్న ప్రతి చెత్తా కత్తిరించి పారేస్తాం. కళ్ళతో చూసి చేసే పని కాదది, వేళ్ళే చేసుకుపోతాయి. ఆ బొమ్మ ఎడమ తుంటి దగ్గర వలలో ఉసిరికాయంత గట్టి ముద్ద ఒకటి తగిలింది. నల్లగా, జిగటగా, గుడ్డపేలికలో చుట్టి. నా వేళ్ళకి అది చచ్చిన గుల్ల. కత్తెర తీసి నాలుగు పోగులు చక్కగా తెంపి, దాన్ని బల్ల కింద బుట్టలో పడేశాను. చిరుగు అంచులు సమంగా వచ్చాయి. చాలా ముచ్చటేసింది. సాయంత్రం ఆ బుట్టని ఖాళీ చేసింది కూడా నేనే. ఆ మ్యూజియంలో నా రెండు ఉద్యోగాలూ ఒకదానికొకటి అంతగా సహకరించుకోవడం అదొక్కసారే.

సోమవారం పొద్దున క్యూరేటర్ ఒక పాత ఫోటో పట్టుకుని వచ్చాడు. ఫోటోలో బొమ్మ తుంటి మీద మూట ఉంది. బల్ల మీద బొమ్మకి లేదు. రిజిస్టరు తీశాడు. సంతకం ఎవరిదో అందరికీ తెలుసు. బొమ్మని వదిలి ఫోన్ దగ్గరికి వెళ్ళానని అమ్మాయి తనే చెప్పింది. నిజం చెబితే సరిపోతుందని ఆ వయసులో అనుకుంటారు. ఆయన నా వైపు తిరిగి నువ్వేమైనా చూశావా అని అడిగాడు.

చూడలేదన్నాను.

అప్పటికి నాకింకా తెలియదనీ, మూట అంటే ఏదో పెద్ద సంచి అనుకున్నాననీ ముప్పై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. చర్చిలో కూడా అలాగే చెప్పాను. తెలుసు. ఫోటో చూడగానే తెలిసింది.

ఆయన అరిచే మనిషి కాదు. మూట లెక్క తేలేదాకా సిఫారసు ఉత్తరం మీద సంతకం పెట్టలేనని మాత్రం ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. అమ్మాయి గ్లౌజులు తీసేసి, వేళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చుంది. బుధవారం ఎల్లుండే.

టీ వేళకి నేను వెనక చెత్త షెడ్డుకి వెళ్ళాను. ఏ అంతస్తు బుట్టలు ఏ సంచిలో పడతాయో, ఏ సంచికి ఏ ముడి వేస్తానో ఆ భవనంలో నాకొక్కదానికే తెలుసు. అంత పెద్ద మ్యూజియంలో అన్నిటికీ నంబర్లున్నాయి, చెత్తకి మాత్రం నేనున్నాను. మూడో సంచిలో, అరటితొక్కల కింద మూట దొరికింది. కడగలేదు, అంత తెలివి ఉంది. టిఫిన్ డబ్బా పైగిన్నెలో కాగితం వేసి, అందులో పెట్టి, నా లాకర్లో దాచాను. కింది గిన్నెలో పులిహోర ఉంది. తినలేదు.

దొరికింది కదా, అప్పుడే వెళ్ళి ఇవ్వచ్చు కదా అంటారు. ఇవ్వచ్చు. లాకర్ నుంచి ఆయన గదికి మెట్లెక్కితే రెండు నిమిషాలు. శుక్రవారం మాత్రం నాలుగు రోజులు.

మంగళవారం జైర్ ఆయన వచ్చాడు. క్యూరేటర్ రాసిన కాగితాల్లో తప్పులుంటే చెప్పడానికి ఎక్కడో వెతికి పట్టుకొచ్చారు. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వాళ్ళ అమ్మ వైపు సోంగ్యేలు. ఆయన చొక్కాకి 'సందర్శకుడు' అని బిళ్ళ తగిలించారు. వాళ్ళ అమ్మ ఊరి సామానంతా బల్ల మీద, ఆయనేమో సందర్శకుడు. తొడుగు మడతపెట్టడం నాకొక్కదానికే వచ్చు కాబట్టి నన్ను కూడా ఉండమన్నారు.

ఆయన ఏదైనా చెప్పబోయినప్పుడల్లా క్యూరేటర్ పుస్తకంలో వేరేలా ఉందని చెప్పేవాడు. ఆయన తలూపి టీ తాగేవాడు. ముసుగు మీద గీతలకి అర్థం ఏమిటంటే, అడవి జంతువు చారలని కొందరంటారు, ఇంకొకటని కొందరంటారు, అన్నీ పెద్దవాళ్ళు పిల్లలకి సగం చెప్పి ఆపేసినవే అన్నాడు. పుస్తకంలో పదకొండు అర్థాలున్నాయని క్యూరేటర్ అన్నాడు. అయితే పుస్తకం ముసుగు కట్టిన మా మేనమామ కంటే ఎక్కువ ఆడి ఉంటుంది అన్నాడాయన, నవ్వకుండా.

బొమ్మ దగ్గరికి వచ్చాక ముందు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు, కర్రలేవి అని. ఏ కర్రలని క్యూరేటర్. ఇది ఊరందరి బొమ్మ, దీన్ని ఎవరూ చేత్తో ముట్టరు, చంకల కింద తాళ్ళతో రెండు పొడుగు కర్రలు కట్టి ఇద్దరు మోస్తారు, పిల్లలు పుట్టకపోయినా, రోగాలొచ్చినా ఊరంతా దీని దగ్గరికే వస్తుంది అన్నాడు. ఫైలు వెతికితే తేలింది. ఎప్పుడో ఓడ ఎక్కించేటప్పుడు పెట్టెలో పట్టలేదని కర్రలు పారేశారట. అంటే పారేసినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదు. ఆ క్షణంలో అది నాకు కొంత ఓదార్పుగానే ఉందని చెప్పుకోవాలి.

ఆయన బొమ్మ తుంటి వైపు వంగి చూశాడు. వల అంచు కత్తిరించిన చోటు. నా పనితనం అంత సమంగా ఉండడం అప్పుడే మొదటిసారి నాకు నచ్చలేదు.

"చెక్కినవాడు చేసింది ఇల్లు," అన్నాడు. "లోపల మందు పెట్టినవాడు మనిషిని తెచ్చి అందులో ఉంచాడు. నెత్తి కొమ్ములో కొంచెం, పొట్టలో కొంచెం, నడుం మీద కొంచెం. ఇదెవరు విప్పారు?"

విచారణ జరుగుతోందని క్యూరేటర్ చెప్పి, అమ్మాయి నిలబడ్డ వైపు చూడకుండా చూశాడు. చదువుకున్నవాళ్ళు అలా చూడగలరు.

తర్వాత వంటగదిలో ఆయన కప్పు కడుగుతుంటే నేను పక్కన చేరాను. మా ఇద్దరి ఇంగ్లీషూ ఒకేలా విరిగి ఉండడం వల్ల మాట సులువుగా నడిచింది. తెలియక తీసినవాళ్ళని ఆ బొమ్మ ఏమైనా చేస్తుందా అని అడిగాను.

"తెలియక తీస్తే ఏమీ చెయ్యదు," అన్నాడు. "తెలిసి దాస్తే ఏం చేస్తుందో నాకు తెలియదు. నేను టైర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాను."

కప్పు బోర్లించి, బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ప్రార్థన చేసుకున్నాను. యేసుప్రభువుని నాకు శుక్రవారం దాకా టైమిమ్మని అడిగాను. ఆయన కాదనలేదు. ఎవరూ కాదనలేదు.

బుధవారం గురించి ఎక్కువ రాయడానికేం లేదు. మధ్యాహ్నం మూడు నుంచి అమ్మాయి ఫ్యాక్స్ మెషిన్ పక్క కుర్చీలో కూర్చుంది. దరఖాస్తు అంతా నింపి ఒడిలో పెట్టుకుంది, ఒక్క సంతకం తక్కువ. క్యూరేటర్ మీటింగులో ఉన్నాడు. మనసు మార్చుకుని వస్తాడేమోనని చూస్తోంది. నేను ఆ వరండాలో వాక్యూమ్ చేస్తున్నాను. ఆ రోజు ఆ వరండాని రెండుసార్లు చేశాను. నాలుగున్నరకి నన్ను పిలిచి, తన శాండ్‌విచ్‌లో సగం ఇచ్చింది, ఒక్కతే తినలేకపోతున్నానని. తీసుకున్నాను. మనసులో నాకు నేనే వకీలుని పెట్టుకున్నాను. ఈ పిల్లకి తండ్రి ఉన్నాడు, పెద్ద ఇల్లుంది, చేతిలో ఇంకో సీటుంది. నాకేముంది? వకీలు బాగా వాదించాడు. ఐదింటికి ఆ పిల్ల లేచి, కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, బై ఆంటీ అని వెళ్ళింది.

శుక్రవారం పదకొండింటికి నా ఉత్తరం వచ్చింది. ఆడవాళ్ళ టాయిలెట్లో తలుపేసుకుని, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం చదివాను. పర్మనెంట్ అనే మాట మూడుసార్లు చదివాను. మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. భోజనం చేశాను, ఆ వారంలో మొదటిసారి ఆకలేసింది. రెండింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని క్యూరేటర్ గదికి వెళ్ళాను.

నేనే తీశానని చెప్పాను. వల శుభ్రం చేసే అలవాటు గురించి చెప్పాను. ఏడ్చాను కూడా, అది మాత్రం నటన కాదు. ఎక్కడ దొరికిందని అడిగితే, మనసు ఊరుకోక ఇవాళ పొద్దున్నే చెత్త షెడ్డులో వెతికితే దొరికిందని చెప్పాను. ఆయన డబ్బా రెండు చేతులతో అందుకున్నాడు. మర్నాడే ప్రదర్శన మొదలు. నీలాంటి మనిషిని చూడలేదని, ఎవరూ అడగకుండానే వచ్చి చెప్పావని అంటూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

జరిగినవన్నీ ఎంత పద్ధతిగా జరిగాయో చూడండి. నాకు ఒక హెచ్చరిక ఇచ్చారు, మూడింటిలో మొదటిది. యూనియన్ ఆయన చెప్పింది చెప్పినట్టే. దాని కిందే నా నిజాయితీని మెచ్చుకుంటూ రెండు వాక్యాలు రాశారు. మ్యూజియం లోపల పంచుకునే పత్రికలో నా ఫోటో వేశారు. మూటని తిరిగి బొమ్మకి కట్టడానికి వీల్లేదట, ఒకసారి విడిపోయినదాన్ని కడితే అది అసలుది కాదట. దానికి వేరే నంబరిచ్చి, వేరే పెట్టెలో, వేరే అంతస్తులో పెట్టారు. బొమ్మ గాజుపెట్టెలో నిలబడింది. పక్కన దాని శక్తి గురించి, దానంత ఎత్తున, కాగితం. జైర్ ఆయన్ని ప్రారంభోత్సవానికి పిలవడం మరిచిపోయారు.

అమ్మాయి విషయంలో కూడా క్యూరేటర్ న్యాయంగానే ఉన్నాడు. అదే సాయంత్రం గొప్ప సిఫారసు రాసి సంతకం పెట్టాడు. కాన్‌బెర్రాకి తనే ఫోన్ చేశాడు. జాబితా మూసేశాం, వచ్చే ఏడాది తప్పకుండా చూస్తాం అన్నారు వాళ్ళు. క్యాలెండర్‌లో వచ్చే ఏడాది మీద తండ్రి ఏమీ చుట్టలేదు.

ఆ శుక్రవారమే నాలుగింటికి ఆ పిల్ల తన కోటు తీసుకోవడానికి నేను వల బాగుచేసే గదికి వచ్చింది. నేను దారాలు సర్దుతున్నాను. క్షమించమ్మా అన్నాను. ఇట్స్ ఓకే ఆంటీ అంది. కోటు వేసుకుంది, బొత్తాలు పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"షెడ్డులో దొరికిందా ఆంటీ?"

"ఆఁ. ఇవాళ పొద్దున్నే."

ఆ పిల్ల కాసేపు నన్నే చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. లెక్క సరిచూసుకునే మనిషిలా చూసింది.

"చెత్త లారీ ట్యూస్‌డే మార్నింగ్ వచ్చి అంతా తీసుకపోతది కదా," అంది. "అంటే మండే నుంచే మీ దగ్గర ఉంది."

నేను దారపు ఉండ ఒకటి తీసి మళ్ళీ అదే చోట పెట్టాను.

"వెడ్నెస్‌డే అని మీకు తెలుసు కదా ఆంటీ."

"తెలుసు," అన్నాను. ఆ వారంలో నేను చెప్పిన పూర్తి నిజం అదొక్కటి.

తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. పైన క్యూరేటర్ గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. రెండు నిమిషాల దూరం. అడుగుల చప్పుడు మెట్ల వైపు వెళ్ళలేదు, వీధి తలుపు వైపు వెళ్ళింది.

ఎవరికీ చెప్పలేదని నాకెలా తెలుసంటారా? ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా తమ్ముడింటి ముందు పెద్ద కారు ఆగి ఉంది. గుండె డాక్టరు గారు స్వీట్ల డబ్బాతో వచ్చారు, భార్యతో సహా. మా మరదలు మంచి కప్పులు తీసింది. ఆయన లేచి నిలబడి, మా పిల్ల మీద మచ్చ పడకుండా కాపాడారమ్మా, ఈ రోజుల్లో ఇలాంటి మనుషులు ఎక్కడున్నారు అని, అందరి ముందూ నాకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. డబ్బా నా ముందు చాపారు.

నేను తీసుకున్నాను.